అలాస్కాలో ఉపాధ్యాయులు నిలవకపోవడానికి కారణం జీతమా, పెన్షనా?

చమురు రాబడి మీద పెరిగిన నిధి నుంచి అక్కడి నివాసులకు ఏటా డబ్బు పంచే అమెరికా రాష్ట్రం అలాస్కా. అంత సంపద ఉన్న చోట బడులకు నిధులు చాలకపోవడం ఏమిటి, ఉపాధ్యాయులు అయిదారేళ్లకే వెళ్లిపోవడం ఏమిటి, 2006లో పెన్షన్ తీసేయడమే దీనికి కారణమా లేక జీతాలు చాలకా, మళ్లీ పెన్షన్ ఇస్తే ఉపాధ్యాయులు నిలుస్తారా అని అడిగారు. ఉద్యోగుల పెన్షన్ నిధుల లెక్కల్లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి వివరంగానే చెబుతాను.

ముందుగా నా అభిప్రాయం. జీతం, పెన్షన్ రెండూ కారణాలే. అయితే వెళ్లిపోయేవాళ్లు రెండు రకాలు. మారుమూల పల్లెకు వచ్చి మొదటి ఏడాదో రెండో ఏడాదో వెనక్కి వెళ్లేవారిని ఏ పెన్షనూ ఆపలేదు. అయిదేళ్లో ఎనిమిదేళ్లో పనిచేసి, పనిలో ఆరితేరి, పిల్లల తల్లిదండ్రులకు బాగా దగ్గరయ్యాక వెళ్లిపోతున్నవారు మరో రకం. వీరి విషయంలో మాత్రం 2006 నాటి నిర్ణయానిదే పెద్ద పాత్ర అని నమ్ముతున్నాను. బడి నిజంగా నష్టపోయేది కూడా ఈ రెండో రకం వారిని పోగొట్టుకున్నప్పుడే.

ఇదంతా రాష్ట్ర విధానం కిందికి ఎందుకు వస్తుందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. అమెరికాలో బడి చదువు ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. శాన్ ఆంటోనియో పాఠశాల జిల్లాకూ రోడ్రిగెజ్‌కూ మధ్య నడిచిన కేసులో 1973లో అక్కడి సుప్రీంకోర్టు, విద్య సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. ఆ తర్వాత ఈ పోరాటాలన్నీ రాష్ట్రాల రాజధానులకూ రాష్ట్రాల కోర్టులకూ చేరాయి. దేశం మొత్తం మీద బడుల ఖర్చులో కేంద్రం వాటా సుమారు పదో వంతు మాత్రమే. మిగతాది రాష్ట్ర ఖజానా, స్థానిక ఆస్తిపన్ను భరించాలి. అలాస్కా రాజ్యాంగం ఏడో అధికరణం, పిల్లలందరికీ తెరిచి ఉండే ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థను శాసనసభే చట్టం ద్వారా నెలకొల్పి నడపాలని నిర్దేశించింది. పైగా ఆ రాష్ట్రంలో చాలా భూభాగంలో ఆస్తిపన్ను వేసే స్థానిక ప్రభుత్వమే లేదు. అలాంటి ప్రాంతాలను 19 ప్రాంతీయ విద్యా మండలాలుగా విభజించారు. వాటికి పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రం, కేంద్రం ఇచ్చిందే వాటికి ఆధారం.

నిధులు పంచే సూత్రం 1998 చట్టంతో వచ్చింది. నా దృష్టిలో అది ఆలోచించి చేసిన సూత్రమే. పాఠశాల జిల్లాలోని, అంటే బడులను నడిపే స్థానిక విభాగంలోని, విద్యార్థుల సంఖ్యను తీసుకుని, బడి ఎంత చిన్నది, ఆ ప్రాంతంలో ధరలు ఎంత ఎక్కువ, ప్రత్యేక అవసరాల పిల్లలు ఎందరు అన్న గుణకాలతో సవరిస్తారు. తీవ్రమైన వైకల్యం వల్ల నిరంతరం సహాయం అవసరమయ్యే ఒక్క విద్యార్థిని 13 మంది కింద లెక్కిస్తారు. అలా వచ్చిన సంఖ్యను బేస్ స్టూడెంట్ అలొకేషన్ అనే మొత్తంతో గుణిస్తారు. అందరూ దాన్ని బీఎస్ఏ అంటారు, నేనూ అలాగే అంటాను. స్థానిక ప్రభుత్వం ఉన్న చోట, ఆస్తి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 2.65 డాలర్లు స్థానికంగా కట్టాలన్న నిబంధన కూడా ఉంది. అది రాజ్యాంగ విరుద్ధమని కెచికాన్ బరో (అక్కడి ఒక స్థానిక ప్రభుత్వం) వేసిన దావాను రాష్ట్ర సుప్రీంకోర్టు 2016లో తోసిపుచ్చింది.

లోపమంతా చివర గుణించే ఆ ఒక్క అంకెలో ఉంది. ధరలు పెరిగితే బీఎస్ఏ దానంతట అది పెరగదు. ప్రతిసారీ శాసనసభ ఓటు వేయాలి, గవర్నర్ ఒప్పుకోవాలి. 2011 ఆర్థిక సంవత్సరంలో అది 5,680 డాలర్లు. 2017 నాటికి 5,930 అయింది. తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఆగి, 2024 ఆర్థిక సంవత్సరంలో ముప్పై డాలర్లు పెరిగి 5,960కి చేరింది. మొత్తం మీద అయిదు శాతం పెరుగుదల. ఆ కాలంలో ధరలు పావు వంతుకు పైగా పెరిగాయి. విద్యుత్తు, ఇంధనం, ఆరోగ్య బీమా ప్రీమియంలు ఏ జిల్లా కోసమూ ఆగవు కాబట్టి తగ్గించడానికి మిగిలింది ఉపాధ్యాయుల సంఖ్య, వారి జీతాలు.

ఆ తర్వాతి రెండేళ్లలో జరిగింది చూస్తే అక్కడి రాజకీయం మీకు బోధపడుతుంది. 2024లో బీఎస్ఏను 680 డాలర్లు పెంచే బిల్లును ఉభయ సభలూ ఆమోదించాయి. గవర్నర్ మైక్ డన్లీవీ దాన్ని వీటో చేశారు. మార్చి 18న వీటోను రద్దు చేయడానికి అరవై మంది సభ్యుల్లో 40 ఓట్లు కావలసి ఉండగా 39 వచ్చాయి. ఒక్క ఓటుతో పోయింది. ఆ ఏడాది ఒక్కసారి గ్రాంటుగా సుమారు అంతే మొత్తం ఇచ్చి సరిపెట్టారు. 2025లో వెయ్యి డాలర్లు పెంచే బిల్లు వచ్చింది, దానికీ వీటోయే. తర్వాత 700 డాలర్ల పెంపుతో మరో బిల్లు చేస్తే దాన్నీ వీటో చేశారు. ఈసారి మే 20న 46-14 ఓట్లతో శాసనసభ వీటోను రద్దు చేసింది. బీఎస్ఏ 6,660 అయింది. అయినా జూన్‌లో గవర్నర్ బడ్జెట్ నుంచి విద్యార్థికి 200 డాలర్ల చొప్పున కోత వేశారు. బడ్జెట్ కోతను రద్దు చేయడానికి నాలుగింట మూడు వంతులు, అంటే 45 ఓట్లు కావాలి. ఆగస్టు 2న ప్రత్యేక సమావేశంలో సరిగ్గా 45 వచ్చాయి.

ఆ తేదీని ఒకసారి గమనించండి. బడులు తెరవడానికి కొన్ని రోజుల ముందు వరకు, ఆ ఏడాది చేతికి ఎంత డబ్బు వస్తుందో జిల్లాలకు తెలియదు. మంచి ఉపాధ్యాయులు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే తర్వాతి ఏడాదికి ఎక్కడ పనిచేయాలో నిర్ణయించుకుంటారు. ఆ సమయంలో జిల్లా గట్టి మాట ఇవ్వలేకపోతే వారు ఇంకో రాష్ట్రంలో సంతకం చేస్తారు. ఒక్కసారి గ్రాంటులతో వచ్చే చిక్కు కూడా ఇదే. ఆ డబ్బుతో బస్సు కొనవచ్చు, పైకప్పు బాగు చేయవచ్చు. వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని డబ్బుతో శాశ్వత ఉద్యోగం ఇవ్వడానికి ఏ ఆర్థిక అధికారీ సాహసించడు.

మరి చమురు డబ్బు ఏమైంది? పైపులైన్‌లో చమురు 1977లో పారడం మొదలైంది. 1980లో రాష్ట్రం వ్యక్తిగత ఆదాయపు పన్ను రద్దు చేసింది. రాష్ట్రవ్యాప్త అమ్మకం పన్ను కూడా లేదు. 1988 ప్రాంతంలో రోజుకు ఇరవై లక్షల పీపాలుగా ఉన్న ఉత్పత్తి ఇప్పుడు అయిదు లక్షల లోపుకు పడిపోయింది. 1976లో రాజ్యాంగ సవరణతో పెట్టిన శాశ్వత నిధి మాత్రం పెరుగుతూ వచ్చింది. 2018 చట్టం తర్వాత ఆ నిధి సగటు విలువలో సుమారు 5 శాతాన్ని ఏటా ఖజానాకు తీసుకుంటున్నారు. అదే మొత్తంలోంచి మనిషికి ఇంత అని ఏటా పంచే డివిడెండూ పోవాలి, బడులూ నడవాలి. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు, డివిడెండ్ కూడా మిగతా పద్దుల్లాగే శాసనసభ కేటాయించవలసిన మొత్తమేనని స్పష్టం చేసింది. అప్పటి నుంచి ప్రతి బడ్జెట్ సమావేశమూ డివిడెండ్‌కు ఎంత, బడికి ఎంత అన్న పోరుగా మారింది. 2022లో ఇంధన సాయంతో కలిపి మనిషికి 3,284 డాలర్లు పంచారు. 2025లో అది వెయ్యి డాలర్లు. రాష్ట్రంలో డబ్బు లేకపోవడం అసలు సమస్య కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఉన్న డబ్బులో బడి వాటాకు చట్టపరమైన రక్షణ లేదు. పన్ను కట్టే అలవాటు తప్పిన ఓటర్లను మళ్లీ పన్ను అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఇక పెన్షన్ సంగతి. నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది దీని గురించే.

2006 జూలై 1కి ముందు చేరినవారికి హామీ పెన్షన్ ఉంది. అత్యధికంగా జీతం అందుకున్న మూడేళ్ల సగటు తీసి, మొదటి ఇరవై ఏళ్ల సర్వీసుకు ఏడాదికి 2 శాతం, ఆపై ప్రతి ఏడాదికి 2.5 శాతం చొప్పున లెక్కకట్టి జీవితాంతం ఇస్తారు. సగటు 80,000 డాలర్లు అనుకుంటే ఇరవై ఏళ్లకు ఏడాదికి 32,000, ముప్పై ఏళ్లకు 52,000 వస్తాయి. ఎనిమిదేళ్లు నిండకుండా మానేస్తే మాత్రం తాను కట్టింది, దాని మీద వడ్డీ తప్ప ఏమీ రాదు. ఈ పద్ధతిలో ఉన్న ఆకర్షణను గమనించండి. ఆరో ఏట ఉన్న ఉపాధ్యాయురాలు ఎనిమిదో ఏడు దాకా ఆగుతుంది. పదిహేనో ఏట ఉన్నావిడ ఇరవయ్యో ఏడు దాకా ఆగుతుంది. ఇరవై దాటాక ప్రతి ఏడాదికీ లెక్క ఇంకా పెరుగుతుంది. ఉండేకొద్దీ లాభం అన్నది ఈ సూత్రంలోనే ఉంది.

2005లో చట్టం చేసి, 2006 జూలై 1 నుంచి చేరేవారికి దీన్ని మూసేశారు. వారికి వ్యక్తిగత ఖాతా మాత్రమే. ఉపాధ్యాయుడు జీతంలో 8 శాతం వేస్తాడు, యాజమాన్యం 7 శాతం వేస్తుంది. మన సీపీఎస్ తెలిసినవారికి స్థూలంగా అలాంటిదే అంటే సరిపోతుంది. యాజమాన్యం వేసిన వాటా మీద రెండేళ్లకు పావు వంతు, మూడేళ్లకు సగం, నాలుగేళ్లకు ముప్పావు, అయిదేళ్లకు పూర్తి హక్కు వస్తుంది.

75,000 డాలర్ల జీతంతో అయిదేళ్లు పనిచేసిన వ్యక్తి ఖాతాలో, పెట్టుబడి మీద వచ్చే రాబడిని పక్కన పెట్టినా, సొంత చందా 30,000, యాజమాన్య వాటా 26,250, కలిపి 56,250 డాలర్లు ఉంటాయి. దాన్ని మొత్తంగా ఇంకో రాష్ట్రంలోని ఖాతాకు మార్చుకుని వెళ్లిపోవచ్చు. ఆరో ఏడు ఉన్నా అదే 15 శాతం, పదహారో ఏడు ఉన్నా అదే 15 శాతం. అయిదో ఏడు దాటాక ఇంకా ఉన్నందుకు ఖాతాలో ఆ 15 శాతానికి మించి వచ్చేది ఒక్క డాలరు కూడా లేదు. అదే సమయానికి వాషింగ్టన్ రాష్ట్రమో మరొకటో హామీ పెన్షన్ చూపిస్తుంది. ముప్పై రెండేళ్ల వయసులో, అయిదేళ్ల అనుభవంతో, చేతిలో ఆ డబ్బుతో ఉన్న వ్యక్తి ఏం చేస్తాడో ఊహించడానికి సర్వే అక్కర్లేదు.

దీనికి తోడు చాలామంది పట్టించుకోని మరో విషయం ఉంది. అలాస్కా ఉపాధ్యాయులు సోషల్ సెక్యూరిటీ పరిధిలో లేరు. అది అమెరికాలో దాదాపు ప్రతి ఉద్యోగికీ ఉండే కేంద్ర వృద్ధాప్య పెన్షన్. ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం కడతారు. కాలిఫోర్నియా, టెక్సాస్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో కూడా చాలామంది ఉపాధ్యాయులు దాని బయటే ఉన్నారు. కానీ వారికి రాష్ట్ర హామీ పెన్షన్ ఉంది. కొత్త ఉపాధ్యాయులకు ఆ రెండూ లేకుండా చేసిన రాష్ట్రం అలాస్కా ఒక్కటే. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. జీతంలో కనీసం 7.5 శాతం ఖాతాలోకి వెళితే చాలు, సోషల్ సెక్యూరిటీ లేకపోయినా ఫరవాలేదని కేంద్ర నిబంధన చెబుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు 1980లో సోషల్ సెక్యూరిటీ నుంచి వైదొలిగినప్పుడు బదులుగా వారికి ఒక అనుబంధ పొదుపు పథకం పెట్టారు. ఉపాధ్యాయులకు అదీ లేదు.

నష్టం ఎలా జరుగుతుందో ఒక లెక్కతో చెబుతాను. సోషల్ సెక్యూరిటీ పొందాలంటే సుమారు పదేళ్ల పని రికార్డు ఉండాలి, మొత్తాన్ని 35 ఏళ్ల సంపాదన సగటు మీద నిర్ణయిస్తారు. వేరే రాష్ట్రంలో పన్నెండేళ్లు చందా కట్టి, తర్వాత అలాస్కాలో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పి విరమించిన వ్యక్తి లెక్కలో 23 ఏళ్లు సున్నాలుగా పడతాయి. అలాస్కాలో ఉన్న ప్రతి ఏడాదీ అక్కడ ఒక సున్నా. 2025 జనవరి 5న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన చట్టం, ఇలాంటి ఉద్యోగుల సోషల్ సెక్యూరిటీలో కోత వేసే పాత నిబంధనలను తొలగించింది. మంచిదే. అయితే అసలు చందాయే కట్టని ఏళ్లకు ఆ చట్టం ఏమీ ఇవ్వదు. అందుకే నలభై ఏళ్లు దాటిన అనుభవజ్ఞులు అలాస్కాకు రావడానికి సందేహిస్తారు. ఈ లెక్క తెలిసిన యువకులు త్వరగా బయటపడతారు.

అప్పుడు పెన్షన్ ఎందుకు మూసేశారు అంటే, అప్పటి భయంలో నిజం ఉంది. నిధికి ఉండవలసిన దానికీ ఉన్నదానికీ మధ్య వందల కోట్ల డాలర్ల లోటు తేలింది. నిధి మీద పడబోయే భారాన్ని అంచనా కట్టిన యాక్చువరీ సంస్థ మెర్సర్ పొరపాట్లు చేసిందని రాష్ట్రం 2007లో దావా వేసింది. 2010లో ఆ సంస్థ 50 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. పైగా అలాస్కా రాజ్యాంగం పన్నెండో అధికరణం ప్రకారం, ప్రభుత్వ ఉద్యోగి సంపాదించుకున్న పెన్షన్ ప్రయోజనాలను తగ్గించడానికి వీల్లేదు. పాతవారిని ముట్టుకోలేరు కాబట్టి కొత్తవారిని బయట ఉంచారు.

కానీ పథకం మూసినంత మాత్రాన అప్పు పోదు. పాతవారికి ఇచ్చిన హామీ అలాగే ఉంటుంది. ఆ నిధికి చందా కట్టే ఉద్యోగులు ఏటా తగ్గుతారు. 2014లో రాష్ట్రం తన నిల్వల్లోంచి 300 కోట్ల డాలర్లు తీసి పెన్షన్ ట్రస్టుల్లో వేయవలసి వచ్చింది. అందులో 200 కోట్లు ఉపాధ్యాయుల నిధికే పోయాయి. ఇంకో సంగతి చూడండి. జిల్లాలు మొత్తం జీతాల మీద 12.56 శాతం పెన్షన్ వ్యవస్థకు కట్టాలి. కొత్త ఉపాధ్యాయుడి జీతం మీద కూడా అంతే కడతాయి. అందులో 7 శాతం అతని ఖాతాకు, ఇంకొంత విరమణ తర్వాతి వైద్యానికి పోగా, మిగిలింది పాత అప్పుకు జమ అవుతుంది. అంటే తనకు దక్కని పెన్షన్ తాలూకు బకాయిని కొత్త ఉపాధ్యాయుడి పద్దు నుంచే తీరుస్తున్నారు. జిల్లా ఆ 12.56 శాతాన్ని కట్టేది ప్రధానంగా బీఎస్ఏ మీద వచ్చే నిధుల్లోంచే. బడి నిధులు, పెన్షన్ అనేవి వేర్వేరు చర్చలని చెప్పేవారికి నేను మొదట ఈ పద్దు చూపిస్తాను.

పల్లెల సంగతి వేరు. దాన్ని పెన్షన్ లెక్కలతో కలిపేయకూడదు. 1970ల దాకా అలాస్కా మూలవాసుల పల్లెల్లో చాలావాటికి హైస్కూళ్లు లేవు. పిల్లలు ఇల్లు వదిలి దూరపు వసతి బడులకు, కొందరు ఏకంగా ఒరెగాన్, ఓక్లహోమా దాకా పోయేవారు. మాలీ హూచ్ అనే విద్యార్థిని పేరుతో మొదలైన కేసు 1976లో రాజీతో ముగిసి, 126 పల్లెల్లో హైస్కూలు చదువు అందించేందుకు రాష్ట్రం ఒప్పుకుంది. ఒక రాష్ట్రం తన చమురు డబ్బుతో చేసిన అత్యుత్తమమైన పని ఇదేనని నా నమ్మకం. ఆ బడులకు రోడ్డు ఉండదు. చిన్న విమానంలోనో, పడవలోనో, మంచుబండి మీదో వెళ్లాలి. కొన్ని ఊళ్లలో కుళాయి నీళ్లు ఉండవు, అద్దెకు ఇల్లు దొరకదు. ఉపాధ్యాయుల ఇళ్ల నిర్మాణానికి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ గ్రాంట్లు ఇస్తోంది కానీ అవసరం అంతకంటే చాలా పెద్దది.

అలాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్లుగా ఈ వలసను లెక్కిస్తున్నారు. గ్రామీణ జిల్లాల్లో ఏటా సగటున అయిదో వంతు ఉపాధ్యాయులు మారిపోతారు, పట్టణాల్లో అందులో సగం. ఒక్క ఉపాధ్యాయుడు వెళ్లిపోతే, అతని స్థానంలో మరొకరిని వెతికి, తెచ్చి, తర్ఫీదు ఇవ్వడానికి 20,000 డాలర్లకు పైగా ఖర్చవుతుందని వారు 2017లో తేల్చారు. రాష్ట్రం మొత్తానికి అది ఏటా సుమారు రెండు కోట్ల డాలర్లు. పిల్లలు పోగొట్టుకునే చదువు ఆ లెక్కలో లేదు. కొత్తగా చేరేవారిలో సగానికి మించి బయటి రాష్ట్రాల నుంచే వస్తారు. వారూ దొరకక ఎన్నో జిల్లాలు ఫిలిప్పీన్స్ నుంచి ఉపాధ్యాయులను తెచ్చుకుంటున్నాయి. వారు మంచి ఉపాధ్యాయులు. కానీ జే-1 అనే తాత్కాలిక మార్పిడి వీసా మీద వచ్చినవారు మూడేళ్లు, పొడిగిస్తే అయిదేళ్లు మాత్రమే ఉండగలరు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, వారిని ఆపైన నిలుపుకునే దారి కూడా ఇరుకైంది.

చిన్న బడికి ఉపాధ్యాయుడు మారడం అంటే ఏమిటో పట్టణాల్లో ఉన్నవారికి సులభంగా అర్థం కాదు. పది మందికి తగ్గిన బడికి నిధుల సూత్రంలో విడి బడిగా లెక్క ఉండదు. ఉన్న ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఒకరు వెళ్లిపోయి ఏడాది పాటు ఎవరూ రాకపోతే, ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఒక కుటుంబం పట్టణానికి తరలిపోతుంది. సంఖ్య పదికి దిగువకు వస్తుంది, బడి మూతపడుతుంది, తర్వాత మిగతా కుటుంబాలు కూడా కదులుతాయి. కాబట్టి పల్లెల్లో మొదటి రెండేళ్లలో జరిగే వలసకు మందు ఇల్లు, వేడి, నీళ్లు, తోడుగా ఒక అనుభవమున్న సహోద్యోగి, ఆ ఊరి బిడ్డలనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ. పెన్షన్ బిల్లు గెలిచినా ఈ పనులు చేయక తప్పదు.

హామీ పెన్షన్‌ను వ్యతిరేకించేవారి వాదనల్లో రెండింటిని నేను గౌరవిస్తాను. ఒకటి, చాలామంది యువ ఉపాధ్యాయులు ఎలాగూ ఒకే రాష్ట్రంలో ఇరవై ఏళ్లు ఉండరు, అలాంటివారికి వెంట తీసుకుపోగల ఖాతాయే మేలు. ఇది నిజం. ఎనిమిదేళ్లలోపు వెళ్లిపోయేవారికి పాత పథకం అన్యాయమే చేసింది. రెండు, ఒకసారి హామీ ఇస్తే రాజ్యాంగం ప్రకారం వెనక్కి తీసుకోలేం, మార్కెట్ పడిపోతే భారం తర్వాతి తరం మీద పడుతుంది. ఇదీ నిజమే. ఇల్లినాయ్ రాష్ట్రం దశాబ్దాల పాటు కట్టవలసింది కట్టకుండా వాయిదా వేసి ఉపాధ్యాయుల నిధిని ఏ స్థితికి తెచ్చిందో పెన్షన్ రంగంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అయితే ఆ అనుభవం చెప్పేది ఏటా కట్టవలసిన వాటాను ఎగవేయకూడదని. హామీ ఇవ్వడమే తప్పని దానికి అర్థం రాదు.

ఖాతా పద్ధతి మీద నా అనుమానాన్ని బలపరిచిన ఉదాహరణ వెస్ట్ వర్జీనియా. అక్కడ 1991లో కొత్త ఉపాధ్యాయులకు హామీ పెన్షన్ మూసి ఖాతాలు పెట్టారు. పదిహేనేళ్లు తిరగకుండానే, ఉద్యోగం చివరికి వచ్చినా ఖాతాల్లో విరమించేంత డబ్బు లేనివారు ఎందరో తేలారు. 2005లో కొత్తవారికి పాత పెన్షన్ తిరిగి తెరిచారు. 2008లో ఖాతాల్లో ఉన్నవారికి కూడా మారే అవకాశం ఇస్తే నాలుగింట మూడు వంతులకు పైగా మారారు. అక్కడి ఉపాధ్యాయులకు సోషల్ సెక్యూరిటీ కూడా ఉంది. అది ఉండి కూడా ఖాతా పద్ధతి నిలబడలేదు. అది కూడా లేని అలాస్కాలో నిలబడుతుందని నేను అనుకోను.

అలాస్కా శాసనసభలో వచ్చిన ప్రతిపాదనలు 2006కి ముందున్న దాన్ని యథాతథంగా తెచ్చేవి కావు. 2024 జనవరిలో సెనేట్ ఆమోదించిన బిల్లు దిగువ సభలో ఆగిపోయింది. 2025 మేలో అలాంటిదే మరో బిల్లును దిగువ సభ 21-19తో ఆమోదించింది. వీటిలో నష్టాన్ని పంచుకునే ఏర్పాటు ఉంది. నిధి బలహీనపడితే ఉద్యోగి చందాను 8 శాతానికి మించి పెంచవచ్చు, విరమించినవారికి ధరలను బట్టి ఇచ్చే పెంపును నిలిపివేయవచ్చు. పాత పథకంలో పెద్ద భారంగా మారిన విరమణానంతర వైద్య ఖర్చుల హామీని కూడా తిరిగి తేలేదు. లెక్కల మనిషిగా నాకు ఇది సమంజసమైన మధ్యేమార్గంగా కనిపిస్తోంది.

గవర్నర్ 2023లో దీనికి బదులుగా ఉండిపోయిన ఉపాధ్యాయులకు ప్రాంతాన్ని బట్టి ఏటా 5,000, 10,000, 15,000 డాలర్ల బోనస్ మూడేళ్ల పాటు ఇద్దామన్నారు. మారుమూల పల్లెలకు ఎక్కువ ఇవ్వాలన్న ఆలోచన సరైనదే. మొదటి రెండేళ్ల వలస మీద దాని ప్రభావం ఉండేదేమో కూడా. కానీ మూడేళ్ల బోనస్ నాలుగో ఏడాది నిర్ణయాన్ని మార్చదు.

ఇక మీ చివరి ప్రశ్న, పెన్షన్ తిరిగి ఇస్తే నిలుస్తారా. అయిదు నుంచి పదిహేనేళ్ల అనుభవం మధ్య ఉన్నవారిలో చెప్పుకోదగ్గ భాగం నిలుస్తారని నేను నమ్ముతున్నాను. ఫలితం వెంటనే కనిపించదు. పెన్షన్ హక్కు వచ్చే ఏడు దగ్గరపడేకొద్దీ కనిపిస్తుంది. ఇప్పటికే ఖాతాల్లో ఉన్నవారికి తమ డబ్బుతో గడిచిన సర్వీసు కొనుక్కునే వీలు ఇస్తే త్వరగా కనిపిస్తుంది, వెస్ట్ వర్జీనియాలో ఇచ్చినట్టు. పెన్షన్ బిల్లుతో పాటు బీఎస్ఏను ధరల సూచికకు ముడిపెట్టాలి. లేకపోతే పెన్షన్ వాటా కట్టడానికి జిల్లాలు మళ్లీ ఉపాధ్యాయుల పోస్టులే తగ్గిస్తాయి. హామీ పెన్షన్‌కు ఓట్లు చాలని పక్షంలో కనీసం సోషల్ సెక్యూరిటీలోకి చేరాలి. కేంద్ర సోషల్ సెక్యూరిటీ చట్టంలోని 218వ సెక్షన్ కింద రాష్ట్రం ఒప్పందం చేసుకుని, ఉద్యోగుల ఓటింగ్ ద్వారా చేరవచ్చు. ఉద్యోగి మీద 6.2 శాతం, జిల్లా మీద 6.2 శాతం కొత్త భారం పడుతుంది, నిజమే. కానీ అలాస్కాలో గడిపిన ఏళ్లు సున్నాలుగా మిగలవు.

ఈ బిల్లుల పాఠం మీకు దొరికితే, చందా శాతాల కంటే ముందు ఒక నిబంధన కోసం వెతకండి. యాక్చువరీ లెక్క ప్రకారం నిధికి ఏటా కట్టవలసిన మొత్తం జిల్లాలు కట్టే 12.56 శాతాన్ని దాటితే ఆ పై మొత్తం ఎవరు కట్టాలి, కట్టకుండా వాయిదా వేసే అధికారం శాసనసభకు ఉందా లేదా అన్నది అందులో ఉంటుంది.